చక్రం చూసి దారి చెప్పే కొట్టు

కొట్టుకు బోర్డు లేదు. నెల్లూరు కోటమిట్టలోకి వచ్చి “గేర్ల సైకిళ్ళు బాగుచేసే భాయ్ కొట్టు ఎక్కడ?” అని అడిగితే చిన్నపిల్లలు కూడా చూపిస్తారు. ఎనిమిదడుగుల రేకుల కొట్టు, ముందు వేపచెట్టు, చెట్టు కింద నీళ్ళ బేసిను, గ్రీజు పట్టిన గోనెపట్టా. నెల్లూరులో సన్న టైర్ల సైకిల్ తొక్కేవాళ్ళు ఒక్కసారైనా ఇక్కడికి రావాలని నా కోరిక. అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

నేను కోవూరు వైపు ఒక హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. వయసు నలభై తొమ్మిది. మూడేళ్ళ కిందట మా అబ్బాయి ఉద్యోగానికి బెంగళూరు పోతూ తన రోడ్ సైకిల్ ఇంట్లోనే వదిలిపెట్టి పోయాడు. అదే సమయంలో నాకు షుగర్ బోర్డర్‌లో ఉందని, రోజూ నడవమని డాక్టర్ చెప్పారు. నడక నాకు కుదరలేదు, సైకిల్ కుదిరింది. మొదట్లో మాగుంట లేఅవుట్ చుట్టూ తిరిగేదాన్ని. తర్వాత పెన్నా దాటాను. ఇప్పుడు ఆదివారం వస్తే నలభై, యాభై కిలోమీటర్లు తొక్కనిదే తోచదు. ఈ మూడేళ్ళలో నేను తిరిగిన దారులన్నిటినీ ఈ కొట్టు చూసింది. దారుల సంగతి చెప్పకుండా కొట్టు సంగతి చెప్పలేను.

మొదటిసారి వెళ్ళింది వెనక చక్రం వంకరపోయినప్పుడు. వానాకాలంలో ఒక సాయంత్రం స్కూలు నుంచి వస్తూ గుంతలో పడ్డాను. నాకు దెబ్బ తగల్లేదు గానీ చక్రం తిరిగినప్పుడల్లా బ్రేకుకు రాసుకుంటోంది. ఆ వారం వేరే ఊరికి పెళ్ళికి వెళ్తూ, కారు వెనక కట్టుకుపోయి అక్కడ ఒక పెద్ద షోరూంలో చూపించాం. రింగు పోయింది, ముందుదీ వెనకదీ రెండు చక్రాలూ సెట్టుగా మార్చాలి, పదకొండు వేలవుతుందన్నారు. ముందు చక్రానికి ఏమైందని అడిగితే సరైన జవాబు లేదు. బాధగా వెనక్కి తెచ్చేశాం. మా స్కూలు పీఈటీ సార్ విని, “కోటమిట్ట భాయ్‌కి చూపించకుండా రూపాయి పెట్టొద్దు మేడమ్” అన్నారు.

భాయ్‌కి అరవై దాటి ఉంటాయి. సైకిల్ని తలకిందులుగా నిలబెట్టి, చక్రం తిప్పి, బ్రేకు రబ్బరుకు ఆనించి సుద్దముక్క పట్టుకున్నారు. రింగు బయటికి వంగిన చోటల్లా సుద్ద గీత పడింది. తర్వాత చక్రం పుల్లలు (స్పోకులు) ఒక్కొక్కటే వేలితో మీటుకుంటూ పోయారు. ఒకచోట టంగుమంది, ఒకచోట డబ్బుమని చచ్చు మోత వచ్చింది. చచ్చు మోత వచ్చిన పుల్ల దగ్గర ఆగి, చిన్న తాళంలాంటి రెంచీతో పుల్ల కొసన ఉండే నిపిలు అనే నట్టును పావు చుట్టు బిగించి, మళ్ళీ మీటారు. తీగ బిగువు పెరిగితే శ్రుతి పెరుగుతుందని నేను ఏటా బోర్డు మీద రాసి చెప్పే పాఠం. అది ఒకాయన వేలి కొసల్లో అలా పనిచేస్తుంటే గోనెపట్టా పక్కనే కూర్చుండిపోయాను.

వెనక చక్రానికి ఎడమ పక్క పుల్లల మోత ఒకలా, కుడి పక్క మోత ఒకలా ఉంది. రెండూ ఒకేలా ఉండాలి కదా అని అడిగాను.

“ఉండకూడదు మేడమ్. కుడి పక్క పళ్ళ సెట్టు ఉండాది కదా. దానికి చోటు ఇయ్యాలంటే ఆ పక్క పుల్లలు నిలువుగా దిగాల. అందుకని వాటికి బిగువు ఎక్కువ. రెండు పక్కలా ఒకే మోత తెప్పిస్తే చక్రం మధ్యలో నిలబడదు” అన్నారు.

తర్వాత నా వైపు తిరిగి, “గుంతను చూసినారు. చూసి హ్యాండిలు పైకి గుంజినారు. ముందు చక్రం దాటిపోయింది, మీ బరువంతా వెనక చక్రం మీద పడింది” అన్నారు. జరిగింది అక్షరాలా అదే. ముందు చక్రానికి గీత కూడా పడలేదని తిప్పి చూపించారు. గంటన్నర పని. నూటయాభై రూపాయలు తీసుకున్నారు. ఆ చక్రం ఈనాటికీ నా సైకిల్‌కే ఉంది.

ఆ రోజు ఇంకో మంచి పని జరిగింది. రోడ్ సైకిల్ ట్యూబుకు మూతి సన్నగా, పైన చిన్న మరతో ఉంటుంది. పల్లెల్లో పంక్చర్ షాపుల గాలి పైపు దానికి ఎక్కదు. మా అబ్బాయి ఇంటి పంపుతోనే కొట్టుకునేవాడు, దారిలో గాలి దిగితే ఏం చేయాలో నాకు తెలియదు. భాయ్ ఒక ఇత్తడి బిళ్ళ ఇచ్చారు, ఇరవై రూపాయలు. మూతి కొసన ఉన్న మరను ముందు వదులు చేసి, దాని మీద ఈ బిళ్ళ బిగిస్తే బైకులకు గాలి కొట్టే ఏ షాపులోనైనా కొట్టించుకోవచ్చు. అది నా తాళాల గుత్తిలోనే ఉంటుంది. దానివల్లనే నాకు ఊరు దాటే ధైర్యం వచ్చింది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన దారి పెన్నా దారి. తెల్లవారుజామున ఐదున్నరకు బయలుదేరి రంగనాయకుల గుడి వైపు నుంచి నది దగ్గరికి వస్తే గాలిగోపురం ఇంకా నల్లగా ఉంటుంది. 1850ల నాటి పాత ఆనకట్ట స్థానంలో కట్టిన కొత్త బ్యారేజీని 2022 సెప్టెంబరులో ప్రారంభించారు. సంగం దగ్గర కట్టిన బ్యారేజీకీ అదే రోజు ప్రారంభం. ఇప్పుడు బ్యారేజీ వెనక నీళ్ళు నిలబడి ఉంటున్నాయి. నది దాటి కోవూరు వైపు దిగి, పెద్ద రోడ్డు వదిలేసి ఊళ్ళ మధ్య నుంచి జొన్నవాడ వైపు పోతాను. జొన్నవాడ అసలు పేరు యజ్ఞవాటిక అని, కశ్యప మహర్షి యజ్ఞం చేసిన చోటని చెప్తారు. కామాక్షమ్మ గుడి ముందు మెట్లు దిగితే పెన్నా. అక్కడ కాళ్ళు కడుక్కుని పదినిమిషాలు కూర్చుంటే వారమంతా ఉన్న టెన్షన్ దిగిపోతుంది. నెల్లూరు నుంచి పన్నెండు కిలోమీటర్లే, కొత్తగా తొక్కేవాళ్ళకు ఇంతకన్నా మంచి దారి నేను చెప్పలేను.

తారు రోడ్డు మీద పోయినంతసేపూ బాధ లేదు. నది కనపడుతూ ఉంటుందని వరద ఆపే పొర్లుకట్ట ఎక్కితేనే చిక్కు. కట్ట పొడుగునా సర్కారు తుమ్మ. కట్ట మీద కంప కొట్టినప్పుడు కొమ్మలు ఎత్తేస్తారు, ముళ్ళు మట్టిలో ఉండిపోతాయి. ఒక ఆదివారం ఇంటికి వచ్చేలోపు మూడుసార్లు గాలి దిగింది. మొదటిసారి దారిలో పంక్చర్ వేయించాను, రెండు కిలోమీటర్లకు మళ్ళీ దిగింది. మళ్ళీ వేయించాను, మళ్ళీ దిగింది. చివరికి ఆటోలో వేసుకుని నేరుగా కొట్టుకు వచ్చాను.

భాయ్ టైరును చేత్తో పట్టుకుని, “పొర్లుకట్ట ఎక్కినారా?” అన్నారు. నేనింకా నోరు తెరవలేదు.

ఆ రోజు ఆయన చేసిన పని ప్రతి రోడ్ సైకిల్ మనిషీ నేర్చుకోవాలి. ట్యూబు బయటికి తీసే ముందు, టైరు మీద కంపెనీ పేరు అచ్చయిన చోటుకూ ట్యూబు మూతికీ ఎంత ఎడం ఉందో చూసి గుర్తు పెట్టుకున్నారు. ట్యూబులో గాలి నింపి బేసినులో ముంచి బుడగలు వచ్చే చోటు పట్టారు. మూతి నుంచి ఆ చోటు జానెడు దూరంలో ఉంది. టైరును మళ్ళీ అదే పొందికలో పక్కన పెట్టి, మూతి ఉండే చోటు నుంచి జానెడు కొలిచి, అక్కడ లోపలి వైపు దూదితో మెల్లగా తుడిచారు. దూది ఒకచోట చిక్కుకుంది. కంటికి ఏమీ కనపడలేదు, వేలికీ తగల్లేదు. టైరును అక్కడ వంచి, బయటి వైపు నుంచి సూదితో నెట్టి, పటకారుతో లాగితే నువ్వుగింజంత ముల్లు కొస వచ్చింది. బయట విరిగిపోయి, గాలి ఒత్తిడి పడ్డప్పుడు మాత్రమే లోపలికి పొడుచుకొస్తోంది. దారిలో వేసినవాళ్ళు కన్నం పూడ్చారు గానీ ముల్లు తీయలేదు.

“కన్నం ట్యూబుకు పడతాది, రోగం టైరులో ఉంటాది” అన్నారు. టైరంతా ఒక చుట్టు దూదితో తుడిచి ఇంకో రెండు ముళ్ళు తీశారు. పంక్చర్‌కి యాభై, ముళ్ళకు ఏమీ తీసుకోలేదు. అప్పటి నుంచి నా సంచిలో దూది ఉండ ఒకటి ఉంటుంది. కట్ట మీదికి మాత్రం సైకిల్ నడిపించుకుని పోతున్నా.

2021 నవంబరు వరదలప్పుడు పడుగుపాడు దగ్గర హైవే, రైలుకట్ట రెండూ కోసుకుపోవడం నెల్లూరు వాళ్ళెవరూ మరిచిపోలేరు. ఆ తర్వాత చాలా రోజులు తన కొట్టు ముందు బురద పట్టిన సైకిళ్ళే ఉన్నాయని భాయ్ చెప్తారు. పనిమనుషులవి, పాలవాళ్ళవి, స్కూలు పిల్లలవి. వాటి బేరింగు గుండ్లు విప్పి, కిరసనాయిల్లో కడిగి, గ్రీజు పెట్టి ఇచ్చారట. ఇప్పటికీ కొట్టులో ఎక్కువ ఉండేవి అవే. ఖరీదైన సైకిల్ తెచ్చామని మనల్ని ముందు చూడరు. పాలాయన ముందొస్తే పాలాయనదే ముందు. నాకది నచ్చింది.

తూర్పు దారి మైపాడు. మైపాడు గేటు దాటి, ఇందుకూరుపేట మీదుగా సముద్రం దాకా పోయి వస్తే నలభై కిలోమీటర్లు దాటుతుంది. ఎత్తుపల్లాలు లేవు. ముందు పొలాలు, ఎడగారు (రెండో పంట) నాట్లు పడ్డాక ఆ పచ్చదనం కళ్ళు తిప్పుకోనివ్వదు. తర్వాత రొయ్యల గుంటలు మొదలవుతాయి. తెల్లారేసరికి గుంటల్లో ఏరియేటర్లు తిరుగుతూ నీళ్ళు చిమ్ముతూ ఉంటాయి, ఆ చప్పుడు కిలోమీటర్ల పొడవునా మనతోనే వస్తుంది. ఇక్కడ గాలి లెక్క తెలుసుకుని పోవాలి. మామూలు రోజుల్లో తెల్లవారుజామున గాలి నేల మీద నుంచి సముద్రం వైపు ఉంటుంది, ఎండ ఎక్కాక సముద్రం నుంచి లోపలికి తిరుగుతుంది. పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ వీపు వెనకే గాలి. జూన్ తర్వాత పడమటి గాలి పట్టుకుంటే ఈ లెక్క చెల్లదు, తిరుగుదారి అంతా ఎదురుగాలే. అప్పుడు గంగపట్నం దాకా పోయి చాముండేశ్వరమ్మకు దండం పెట్టుకుని వెనక్కి తిరగడం మంచిది.

ఈ దారిలో పోయేది చైను. సముద్రపు ఉప్పుగాలి ఒకటి, రొయ్యల లారీల నుంచి రోడ్డు మీద కారే ఐసు నీళ్ళు ఒకటి. నేను వరసగా నాలుగు వారాలు మైపాడు పోయి, నూనె మీద నూనె వేస్తూ వచ్చాను. చైను నల్లగా మెరుస్తోంది కాబట్టి బాగుందనుకున్నా. భాయ్ చైను మీద గుడ్డ తుడిచి, ఆ గుడ్డ నా వేళ్ళకు రాశారు. ఇసుక గరగరలాడింది. “నూనె కాదు మేడమ్ ఇది, ఆకురాయి” అన్నారు. ఆయన చెప్పిన పద్ధతి తేలిక. మైపాడు నుంచి రాగానే తడిగుడ్డతో ఉప్పు తుడవాలి, పొడిగుడ్డతో ఆరబెట్టాలి, ఆ తర్వాతే నూనె. అది కూడా చైను లోపలి వైపు ఒక్కో లింకుకు ఒక్కో చుక్క, పావుగంట ఆగి పైన మిగిలింది తుడిచేయాలి.

చైను పనికొస్తుందో లేదో కొలవడానికి ఆయన దగ్గర ఉన్నది పిల్లల పెట్టెలో ఉండేలాంటి స్టీలు స్కేలు. సున్నా గీత ఒక పిన్ను మధ్యలో పెడితే, కొత్త చైనుకు పన్నెండో అంగుళం గీత దగ్గర దాని తర్వాతి ఇరవై నాలుగో పిన్ను సరిగ్గా నిలవాలి. వాడేకొద్దీ పిన్నులు అరిగి అది గీత దాటుతుంది. అంగుళంలో పదహారో వంతు దాటితే చైను మార్చాలి. ఎనిమిదో వంతు దాకా ఆగితే వెనక పళ్ళు కూడా అరిగిపోయి, రెండూ కొనాల్సి వస్తుంది. నాది పదహారో వంతు మీద ఉంది. చైను ఒక్కటే మార్పించి బయటపడ్డాను. ఈ కొలత ఇప్పుడు మా ఎనిమిదో తరగతి పిల్లలకు వాళ్ళ సైకిళ్ళ మీదే చేయించాను.

నరసింహకొండ గురించి ఎక్కువ చెప్పను. ఊరికి దగ్గరలో ఎక్కడానికి ఉన్న కొండ అదే. ఎక్కడం కన్నా దిగడంలో జాగ్రత్త కావాలి. దిగి వచ్చాక బ్రేకు రబ్బర్లలో ఇసుక, అల్యూమినియం రజను గుచ్చుకుని ఉంటాయి, వాటిని సూదితో తీయకపోతే రింగును గీరేస్తాయి. సంగం బ్యారేజీ దాకా ముంబై రోడ్డు మీద పోవచ్చు గానీ బుచ్చిరెడ్డిపాళెం దాటాక లారీల మధ్య నాకు హాయిగా ఉండదు. రెండుసార్లు పోయాను, చాలనిపించింది. కోతల రోజుల్లో పల్లె రోడ్లన్నీ కల్లాలే. సగం రోడ్డు మీద ధాన్యం, ధాన్యం చివర పట్టలు ఎగరకుండా పెట్టిన రాళ్ళు. ధాన్యం ఎత్తాక కొన్ని రాళ్ళు అక్కడే ఉండిపోతాయి. చీకట్లో బయలుదేరేవాళ్ళు లైటు లేకుండా పోవద్దు.

ఇక ఊళ్ళో దారి. ట్రంకు రోడ్డు, గాంధీబొమ్మ సెంటరు ఆరున్నర లోపు దాటితే ఏ ఇబ్బందీ లేదు. తర్వాత ఆటోల మధ్య సన్న టైరు పెట్టడం నా వల్ల కాదు. వాన పడితే రైలుకట్ట కింది అండర్ బ్రిడ్జిల్లో నీళ్ళు నిలుస్తాయి, వాటి అడుగున ఏముందో తెలియదు, దిగకండి. రంగు వేయని స్పీడు బ్రేకర్లు వీధికొకటి. టైర్లో గాలి తక్కువగా ఉండగా వాటి మీద పోతే ట్యూబుకు రెండు కన్నాలు పక్కపక్కనే పడతాయి. అలా పడితే ముల్లు వెతకొద్దని, అది రింగు కొరికిందని భాయ్ నేర్పారు. నా బరువుకు, ఇరవై ఎనిమిది మిల్లీమీటర్ల టైరుకు వెనక ఎనభై, ముందు డెబ్భై పీఎస్‌ఐ పెట్టమన్నారు. అది పెట్టినప్పటి నుంచి జంట కన్నం పడలేదు.

లోపాలు ఉన్నాయి, చెప్పాలి. రోడ్ సైకిల్ సామాను కొట్టులో ఉండదు. ట్యూబులు, చైను మనమే తెప్పించుకుని పట్టుకుపోవాలి. మామూలు పెద్ద సైకిల్ టైరు వేసుకోవచ్చు కదా అనుకోకండి. రెండిటినీ ఇరవై ఎనిమిది అంగుళాలనే అంటారు గానీ పెద్ద సైకిల్ టైరు రింగు మీద కూర్చునే కొలత 635 మిల్లీమీటర్లు, మనది 622. వదులైపోయి నిలవదు. ఆయిల్ డిస్కు బ్రేకులు ఆయన ముట్టుకోరు, తనకు రాదని ముందే చెప్పేస్తారు. బిల్లు ఇవ్వరు. చెప్పిన టైముకు సగం సార్లు పని కాదు. శుక్రవారం నమాజుకు మూసి మూడింటికి గానీ తీయరు. అన్నిటికన్నా ఇబ్బంది, తొమ్మిదింటికి ముందు తెరవరు. ఆదివారం తెల్లారి పోయేవాళ్ళకు ఏదన్నా అయితే ఆయన దొరకరు. ఒకసారి బ్రేకు రబ్బరు కాస్త పైకి బిగించారు, అది టైరును రాసింది. నేను సందు చివర చూసుకుని వెనక్కి తెస్తే, చేస్తున్న పని పక్కన పెట్టి సరిచేసి, “నా తప్పు” అన్నారు. ఆ మాట ఈ రోజుల్లో ఏ సర్వీసు సెంటర్లోనూ నేను వినలేదు.

ఆదివారం తెల్లారి తాను దొరకను కాబట్టి నేర్చుకోమని ఆయనే పట్టుబట్టారు. ఒక మధ్యాహ్నమంతా కూర్చోబెట్టి, నా చేతే ట్యూబు తీయించి, గరుకు కాగితంతో రాపించి, సొల్యూషన్ పూయించారు. నేను వెంటనే ప్యాచ్ అంటించబోతే చెయ్యి పట్టి ఆపారు. “తడి పోనీయండి. వేలు పెడితే అంటుకోకూడదు, అప్పుడు వెయ్యాల.” మూడుసార్లు వేయించి, మూడోది బేసినులో ముంచి, బుడగ రాకపోతే అప్పుడు వదిలారు. నేర్పినందుకు డబ్బులిస్తే తీసుకోలేదు. మొన్న జొన్నవాడ దారిలో ఒక స్కూలు పిల్ల సైకిల్ నడిపించుకుంటూ ఎదురొచ్చింది. కాలువ నీళ్ళలో ముంచి చూసి, పంక్చర్ వేసి పంపించాను. సొల్యూషన్ ఆరేదాకా ఆ పిల్లకు ఓపిక లేదు, నేనే చెయ్యి పట్టి ఆపాను.

సోమవారం నుంచి గురువారం దాకా సాయంత్రం నాలుగు తర్వాత పోతే రద్దీ తక్కువ. చిల్లర తీసుకుపోండి, ట్యూబు కూడా తీసుకుపోండి. ఏ దారిన పోయి వచ్చారో ముందు చెప్పకండి. చక్రం ఆయన చేతికిచ్చి వేపచెట్టు కింద కూర్చోండి, ఆయనే చెప్తారు.